ఊరూ పేరూ లేని సెల్లులు

ఒకప్పుడు మన యిండ్లలో తనంతట తాను నడిచెడి యంత్రమనగా గోడగడియారమే. దానికైనను ఇంటిపెద్ద వారమునకొకసారి కీ ఇచ్చినచో మరల వారమువరకు అది తన పని తాను చేసికొనుచు పోయెడిది. 1969వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన జపానుదేశపు సీకో సంస్థ ఆస్ట్రాన్ అను పేర తొలి క్వార్ట్జ్ చేతిగడియారమును విక్రయమునకు పెట్టిన నాటినుండి ఆ కీ ఇచ్చెడి అలవాటు క్రమముగా సన్నగిల్లి, దాని స్థానమును చిటికెనవ్రేలి గోరంత సెల్లు ఒకటి ఆక్రమించినది. గడియారముతో మొదలైన ఆ మార్పు గడియారముతో ఆగలేదు. జ్వరము చూచు డిజిటల్ థర్మామీటరు, మధుమేహరోగి నెత్తురుచుక్కను పరీక్షించు గ్లూకోమీటరు, వంటింటి తూకపు యంత్రము, విద్యార్థి కాలిక్యులేటరు, కారు తాళము, కరెంటు పోయినను కాలమును మరువకుండ కంప్యూటరును కాపాడు లోపలి భాగము, వృద్ధుల వినికిడి యంత్రము, పసివాని చేతిలో పాటలు పాడు బొమ్మ, ఇన్నింటికిని ఆధారము ఆ బటన్ సెల్లే. ఇంతటి బాధ్యతను మోయుచున్న వస్తువును మనము ఎంత అజాగ్రత్తగా కొనుచున్నామో, కొన్న పిదప ఎంత అజాగ్రత్తగా ఉంచుచున్నామో ఆలోచింపవలసిన అగత్యము వచ్చినదని నా నమ్మకము.

హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలోనైనను, విజయవాడ బీసెంటు రోడ్డు ప్రక్కనైనను, చిన్న పట్టణములలోని వాచీ రిపేరు కొట్లలోనైనను, తిరునాళ్ళలో నేలమీద పట్టా పరచిన అంగడిలోనైనను ఈ సెల్లులు నేడు అడిగినంతనే దొరకును. వాటిలో ఒక రకము కంపెనీ పేరుతో, ముద్రింపబడిన తేదీతో, ఒక్కొక్క సెల్లునకు వేరొక గూడు అమర్చిన అట్టలపై వచ్చునది. రెండవ రకము పదేసి చొప్పున ఒక పలుచని అట్టకు అంటింపబడి, పైన ప్లాస్టికు పొర కప్పుకొని, ఏ దేశమున ఏ కర్మాగారమున ఏ యేట పుట్టినదో చెప్పెడి అక్షరమొక్కటియు లేక వచ్చునది. మొదటి రకపు సెల్లు ఒకదాని వెలకు రెండవ రకమువి నాలుగో అయిదో, ఒక్కొక్కచోట అట్ట మొత్తమో రావచ్చును. కొనువాడు సహజముగా రెండవదానివైపే చేయి చాచును. అమ్మువాడును దానిలోనే లాభమెక్కువ కనుక దానినే ముందుకు త్రోయును. అట్టను కత్తెరతో ముక్కలు చేసి, ఒకటో రెండో సెల్లులను కాగితములో చుట్టి చేతిలో పెట్టుట సర్వసాధారణము. అవి చొక్కా జేబులో నాణెములతో కలిసి ఇంటికి చేరును; ఇంటిలో బల్లసొరుగున గుండుసూదులతోను, తాళపుచెవులతోను కాపురముండును. లోహము లోహమును తాకి, రెండు ధ్రువములును కలిసి, వాడకమునకు రాకముందే సగము సెల్లులు సొరుగులోనే నీరసించి పోవుచున్నవని మనము గమనింపము.

చౌకగా కొనుట తప్పని చెప్పుటకు నేను కలము పట్టలేదు. నెలజీతముతో నలుగురిని పోషించు గృహస్థునకు పది రూపాయలు మిగిలినను మిగిలినట్లే. పేరుమోసిన బ్రాండు గనుక మూడింతలు చెల్లించుమని అతనికి బోధించుట ధనికుల నీతి యగునేగాని లోకనీతి కానేరదు. మందుల విషయమున మన ప్రజలు ఈ వివేకమును ఇప్పటికే అలవరచుకొనుచున్నారు. జనరిక్ మందు బ్రాండు మందుకంటె ఎంతో అగ్గువ. అయినను దాని పొట్లముపై మూలద్రవ్యము పేరు, మోతాదు, తయారు చేసినవారి చిరునామా, బ్యాచి సంఖ్య, గడువు తేదీ అచ్చుపడి యుండును. కావుననే ఆ చౌక నమ్మదగిన చౌక. బటన్ సెల్లునకు సైతము అటువంటి జనరిక్ రకము ఉండవచ్చును, ఉండవలెను కూడ. నేను ఆక్షేపించునది చౌకదనమును కాదు, అనామకత్వమును. వెల తక్కువైనను తన పుట్టుపూర్వోత్తరములను దాచక చెప్పుకొను సెల్లును నిస్సంకోచముగా కొనవచ్చును. వెల ఎక్కువైనను, ప్రసిద్ధమైన పేరును దొంగిలించి అచ్చువేసికొన్న నకిలీ సెల్లును దూరముగా ఉంచవలెను. బ్రాండు అనునది దానంతట అది హామీ కాదు. ఏదేని అనర్థము జరిగినప్పుడు ఎవరిని నిలదీయవలెనో తెలిసియుండుటయే హామీ.

సెల్లుపై పేరు చదువుటకు పాండిత్యము అక్కరలేదు. ప్రపంచమంతటను వ్యవహారములో నున్న ఆ సంకేతములలో ప్రతి అక్షరమునకును ఒక అర్థము కలదు. సీఆర్ 2032 అను దానిని తీసికొందము. మొదటి అక్షరము లోపల నున్నవి లిథియము, మాంగనీసు డయాక్సైడు అని తెలుపును. రెండవది ఆకారము గుండ్రనిదని తెలుపును. 20 అనునది మిల్లీమీటర్లలో వ్యాసము. 32 అనగా మందము 3.2 మిల్లీమీటర్లు. దాని వోల్టేజి 3. సీఆర్ 2025, సీఆర్ 2016 అనునవి అదే వ్యాసమును, అదే వోల్టేజిని కలిగి, మందమున మాత్రము తగ్గినవి. 2032 దొరకలేదని 2025ను పెట్టినచో స్పర్శ వదులై యంత్రము ఒకసారి పలుకును, ఒకసారి పలుకదు. 2016 సెల్లులు రెంటిని ఒకదానిపై నొకటి పేర్చినచో మందము సరిగా 3.2 మిల్లీమీటర్లే యగును గాని వోల్టేజి 6 అగును. 3 వోల్టులకు కట్టిన యంత్రము ఆ తాకిడికి పాడుకావచ్చును. ఎల్ఐఆర్ 2032 అను మరొకటి కలదు. అది మరల మరల చార్జి చేసికొనదగిన జాతి, నిండుగా చార్జి అయినప్పుడు 4 వోల్టులు దాటును. చూపునకు మాత్రము సీఆర్ 2032నకు కవల వలె నుండును. దానికి చేయు చార్జి దీనికి చేయబోయినచో ప్రమాదము తప్పదు.

చిన్న పరిమాణపు సెల్లులలో ఎల్ఆర్ 44 అనునది ఆల్కలైన్ జాతి. అంగట్లో దానికే ఏజీ 13 అను వాడుక. కొలతలలో దానితో సరిగా సమానమైన ఎస్ఆర్ 44 అనునది సిల్వర్ ఆక్సైడు జాతి. ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులతో మొదలై వాడినకొలది మెట్టుమెట్టుగా దిగజారుచు పోవును. సిల్వర్ ఆక్సైడు సెల్లు సుమారు 1.55 వోల్టులను చివరివరకు నిలుపుకొని, ఆ పిమ్మట ఒక్కసారిగా ఆగును. చేతిగడియారమునకును, సూక్ష్మముగా కొలిచెడి సాధనమునకును ఈ నిలుకడయే ముఖ్యము. లోపల వెండి యుండుటచే ఆ రెండవదాని వెల అధికమగుట న్యాయమే. చౌక అట్టల వెనుక ఈ పేర్లన్నియు ఒకే వరుసలో, ఇవన్నియు ఒకటే అన్నట్లు, అచ్చువేయబడి యుండును. కొలత ఒకటే యగుట నిజము, గుణము ఒకటి యగుట నిజము కాదు. గడియారము మూడు నెలలకే ఆగినదని కంపెనీని తిట్టుకొనువారిలో ఎందరు తమ గడియారమునకు సిల్వర్ ఆక్సైడునకు మారుగా ఆల్కలైన్ పెట్టబడినదని ఎరుగుదురు?

చౌక సెల్లులో లోపించునది ఏమి అను ప్రశ్నకు సమాధానము లోపలి రసాయనములోనే కలదు. ఆల్కలైన్ బటన్ సెల్లులో ఒకవైపు జింకు పొడి, మరొకవైపు మాంగనీసు డయాక్సైడు, వాటిని తడుపుచు పొటాషియం హైడ్రాక్సైడు అను తీవ్రమైన క్షారద్రవము ఉండును. వీనిని ఉక్కు గిన్నెలో పొందుపరచి, పైన మూత బిగించి, గిన్నెకును మూతకును నడుమ సన్నని ప్లాస్టికు వలయముతో సీలు వేయుదురు. జింకు తన సహజ స్వభావముచేత ఆ క్షారములో, వాడకున్నను, కొద్దికొద్దిగా కరగుచు హైడ్రోజను వాయువును విడుచుచుండును. వాయువు పోగైనకొలది లోపలి ఒత్తిడి పెరిగి, సీలు బలహీనముగా నున్నచోట క్షారము వెలికి ప్రాకును. పూర్వము ఈ కరుగుదలను అణచుటకు జింకులో పాదరసమును కలిపెడివారు. ఆ పాదరసము మనుష్యుల నేమి చేయగలదో లోకమునకు 1956లో జపానులోని మినమాటా పట్టణము తెలిపినది. కర్మాగారము సముద్రములోనికి వదలిన పాదరసము చేపలద్వారా మనుష్యుల శరీరములలోనికి చేరి, నరములను చెఱచి, తల్లుల గర్భములలోని శిశువులను సైతము వదలలేదు. ఆ ఊరి పేరనే 2013లో వెలసిన అంతర్జాతీయ ఒప్పందము, స్వల్ప మినహాయింపులతో, పాదరసపు బ్యాటరీల తయారీకి 2020తో స్వస్తి చెప్పవలెనని నిర్ణయించినది; 2018లో భారతదేశమును దానిని ధ్రువీకరించినది.

పాదరసము తొలగిన పిదప, ఆ పనిని జింకు పరిశుద్ధతయే చేయవలసి వచ్చినది. మలినములు అత్యల్పముగా నున్న జింకును సంపాదించి, ఇండియము, బిస్మతు వంటి లోహములను లేశమాత్రముగా కలిపి, సీలు వలయమును వెండ్రుకవాసి తేడా లేక అమర్చవలెను. ఈ శ్రద్ధకే మనము మూల్యము చెల్లించునది. శ్రద్ధను తగ్గించినవాడు రెండు దారులలో ఏదో ఒకదానిని త్రొక్కును: కారిపోవు సెల్లునైనను చేయును, నిషిద్ధమైన పాదరసమునైనను చాటుగా కలుపును. పేరు వ్రాయని అట్టను చూచి ఇతడు ఏ దారి త్రొక్కెనో చెప్పుట ఎవరి తరము? పండుగల తరువాత అటకమీదికెక్కించిన బొమ్మను మరుసటి యేడు దింపి చూచినప్పుడు సెల్లు చుట్టును తెల్లని పొడి పేరుకొని, ఇత్తడి రేకు పచ్చబారి యుండుట మనలో అనేకులకు తెలిసిన దృశ్యమే. అయిదు రూపాయలు ఆదా చేసిన సెల్లు అయిదువందల రూపాయల వస్తువును తినివేసినది. ఆ తెల్లని పొడిని పిల్లలు ముట్టకుండ చూడవలెను. పెద్దలైనను తడిచేతితో ముట్టరాదు.

కొనునప్పుడు మల్టీమీటరుతో పరీక్షించి చూపెడి వర్తకులును కలరు. తెరపై 3 అంకె కనబడగానే కొనువానికి సంతృప్తి కలుగును. కాని ఏ భారమును లేనప్పుడు చూపబడిన ఆ అంకె సెల్లులోని నిల్వను గాని, దాని అంతర్గత నిరోధమును గాని చెప్పజాలదు. మేలైన సీఆర్ 2032 సెల్లు మొత్తముమీద సుమారు 220 మిల్లీఆంపియరు గంటల విద్యుత్తును ఇయ్యగలదు. నాసిరకమునందు ఎంత యున్నదో వాడిన పిదప కాని తెలియదు. అదియును కాక గ్లూకోమీటరు వంటి సాధనము పరీక్ష సమయమున క్షణకాలము అధికముగా విద్యుత్తును లాగును. ఆ క్షణముననే బలహీనమైన సెల్లు వోల్టేజి కుంగి, తెర ఆరిపోవును. తెల్లవారుజామున ఒళ్ళంతయు చెమటలు పట్టి, చేతులు వణకుచు, చక్కెర పడిపోయినదేమో చూచుకొనవలసిన వృద్ధురాలికి ఆ యంత్రము పలుకకపోయినచో జరుగు నష్టమును ఏ రూపాయలలో లెక్కింపగలము? రోగముతో సంబంధమున్న సాధనమునకు మాత్రము తయారీదారు నిర్దేశించిన రకమునే, తెరువని పొట్లముననే, గడువు తేదీ చూచియే కొనవలెనని నేను గట్టిగా చెప్పుదును. గోడకు వ్రేలాడు అలంకారపు దీపమునకు అంత పట్టింపు అక్కరలేదు.

వినికిడి యంత్రపు సెల్లు మరొక జాతి. దాని వీపున సన్నని రంధ్రములు, వాటిపై రంగు పట్టీ ఒకటి ఉండును. పట్టీ తీసినంతనే గాలి లోపలికి పోయి జింకుతో కలిసి విద్యుత్తు పుట్టును. 10వ సంఖ్యకు పసుపు, 312కు గోధుమరంగు, 13కు నారింజ, 675కు నీలి రంగు పట్టీలు. ఒకసారి పట్టీ తీసినచో వాడినను వాడకున్నను సెల్లు క్షీణించుచునే యుండును గనుక, పట్టీ వదులైన పాత సరుకును తక్కువ ధరకు కొనుట కేవలము దండుగ. ఇవి మాత్రల పరిమాణమున నుండుటచే, మంచము ప్రక్క బల్లపై మందుల డబ్బీతో కలిపి ఉంచినప్పుడు చూపు మందగించిన పెద్దలు మాత్రయనుకొని మ్రింగిన సందర్భములు వైద్యులకు తెలియును. తాతగారి సెల్లుల డబ్బీ మందుల దరిదాపులలో లేకుండ చూచుట ఇంటిలోని కోడలో మనుమడో చేయదగిన చిన్న సేవ.

ఇంతవరకు చెప్పినది ఎక్కువగా ధనమునకును, వస్తువునకును సంబంధించిన నష్టము. నేను ఈ వ్యాసము వ్రాయుటకు అసలు కారణము వేరు. ప్రాకెడి వయసునుండి అయిదేండ్లవరకు పిల్లలు కనబడిన దానినెల్ల నోట పెట్టుకొందురు. తళతళలాడుచు నున్నగా, చల్లగా తగులు ఈ బిళ్ళ వారికి నోటిలో వేసికొనుటకే చేసినట్లుండును. దానిని మ్రింగినచో లోపలి మందు కారి విషమగునని చాలమంది తలంపు. నిజము అంతకంటె భయంకరము. 20 మిల్లీమీటర్ల వ్యాసముగల లిథియము సెల్లు పసివాని అన్నవాహికలో సరిగా ఇరుక్కొనును. చుట్టును తడియైన మృదుకణజాలము రెండు ధ్రువములను తాకినంతనే వాటి నడుమ విద్యుత్తు ప్రవహించి, ఋణధ్రువము వద్ద ఆ తడియే తీవ్రమైన క్షారముగా మారును. సెల్లు పగులనక్కరలేదు, కారనక్కరలేదు. రెండు గంటల వ్యవధిలోనే లోతుగా కాలిపోవచ్చును. ఆ కాలుట సెల్లును బయటకు తీసిన తరువాతను ఆగక, కొన్ని దినములకు అన్నవాహికకును శ్వాసనాళమునకును నడుమ రంధ్రము పడుటయు, ప్రక్కనున్న పెద్ద రక్తనాళమునకు గాయమై ప్రాణము పోవుటయు వైద్యచరిత్రలో నమోదైన విషయములే. గ్లూకోమీటరు నడపుటకు చాలదని తీసి పారవేసిన పాత సెల్లులో సైతము ఈ కీడు చేయుటకు చాలినంత శక్తి మిగిలియుండునని ప్రతి తల్లియు తెలిసికొనవలెను. ముక్కులోను, చెవిలోను దోపుకొన్నను ఇదే దహనము జరుగును. ముక్కు నడిమి దూలమునకు రంధ్రము పడును.

మ్రింగునప్పుడు పెద్దలెవ్వరు చూడకపోవుటయే ఇందులో ఎక్కువ విషాదము. చొంగ కారుట, అన్నము వద్దనుట, దగ్గు, వాంతి, కారణము లేని ఏడుపు వంటి లక్షణములను చూచి జలుబనో, దిష్టి తగిలినదనో అనుకొని విలువైన గంటలను జారవిడుతురు. ఎక్స్‌రేలో సైతము దూరమునుండి చూచినచో నాణెము వలెనే కనిపించును. అంచున రెండు వలయములు ఉన్నవా లేవా అని నిదానించి చూచిన వైద్యునికే భేదము తెలియును. సెల్లు మ్రింగినట్లు అనుమానము కలిగిన మరుక్షణము 108కు ఫోను చేసియో, ఆటో ఎక్కించియో, ఎక్స్‌రేయు ఎండోస్కోపీయు గల ఆసుపత్రికి పరుగెత్తవలెను. వాంతి చేయింపరాదు. అన్నము, అరటిపండు వంటివి పెట్టరాదు. తేనె విషయమున మాత్రము వైద్యులు ఇటీవల ఒక సూచన చేసిరి. బిడ్డకు ఏడాది నిండి, మ్రింగి పన్నెండు గంటలు దాటక, మ్రింగగల స్థితిలో ఉన్నచో, ఆసుపత్రికి పోవు దారిలో పది నిమిషములకొకసారి రెండేసి చెంచాల తేనెను ఆరు పర్యాయములకు మించకుండ ఇచ్చినచో దహనము కొంత మందగించునని పరిశోధనలవలన తేలినది. తేనె చికిత్స కాదు, ప్రయాణములో కాలమును కొంత నిలుపునది మాత్రమే. దానిని వెదకుచు ఒక్క నిమిషమైనను ఆలస్యము చేయరాదు. ఏడాది నిండని శిశువునకు తేనె ఎన్నడును ఇయ్యరాదు.

2010లో అమెరికాలోని పీడియాట్రిక్స్ అను వైద్యపత్రికలో ప్రకటింపబడిన ఒక పరిశోధన, 1985 నుండి 2009 వరకు ఆ దేశమున ఇట్టి ఘటనలను పరిశీలించి, ప్రాణాంతకమో తీవ్రమో అయిన ఫలితముల నిష్పత్తి 6.7 రెట్లు పెరిగినదని తేల్చినది. ఆ పెరుగుదలకు ప్రధానకారణము 20 మిల్లీమీటర్ల లిథియము సెల్లు ఇంటింట ప్రవేశించుట. ఆరేండ్లలోపు పిల్లలు మ్రింగిన సెల్లులలో నూటికి దాదాపు 62 వంతులు కొట్టులో కొన్న పొట్లమునుండి వచ్చినవి కావు, సొరుగులో దొరకినవి కావు. పిల్లలు స్వయముగా ఏదో ఒక వస్తువునుండి ఊడదీసినవి. ఈ అంకె నన్ను ఎంతయో కలతపెట్టినది. సెల్లు గుణమెంత ముఖ్యమో, దానిని దాచిన మూత అంతకంటె ముఖ్యమని దీనివలన స్పష్టమగుచున్నది. చౌక వస్తువులలో మొదట తరుగు పడునది ఈ మూతకే. రంగురంగుల ఎల్ఈడీ దీపపు తీగలతో వచ్చు అట్టముక్క వంటి రిమోటును చూడుడు. దాని అడుగున సెల్లును మోయు చిన్న తట్ట గోటితో లాగినంతనే వెలికి వచ్చును. ఒక మరమేకు ఖర్చు ఎంత?

ఈ ప్రమాదమును ఇతరదేశములు శాసనముతో ఎదుర్కొనినవి. ఆస్ట్రేలియాలో 2022 జూను 22 నుండి బటన్ సెల్లుతో నడచు ప్రతి వస్తువు మూతయు పిల్లలు తెరువలేని విధముగా ఉండవలెను, విడిగా అమ్మెడి సెల్లుల పొట్లమును అట్లే ఉండవలెను, హెచ్చరిక ముద్రింపబడవలెను. అమెరికాలో టెక్సస్ రాష్ట్రపు పదునెనిమిది నెలల పాప ఒకతె రిమోటులోని సెల్లును మ్రింగి మరణింపగా, ఆమె తల్లి సాగించిన పోరాటము ఫలించి, 2022 ఆగస్టు 16న రీస్ చట్టము అను పేర, ఆ పాప పేరనే, ఇటువంటి నియమములు వెలసినవి. కొన్ని కంపెనీలు స్వయముగా ముందుకు వచ్చి సెల్లుపై మిక్కిలి చేదైన పూతను పూయుచున్నవి. నాలుకకు తగిలినంతనే బిడ్డ ఉమ్మివేయునని వారి ఆశ. ఆ పూత మూలమున కొన్ని యంత్రములలో స్పర్శ సరిగా కుదురకపోవుటయు కలదు. అయినను ఆ ప్రయత్నము మెచ్చదగినది.

మన దేశమున 2021 జనవరి 1 నుండి ఆటవస్తువులకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయినది. అది మంచి అడుగు. కాని మన పిల్లల చేతికి అందు సెల్లులన్నియు ఆటబొమ్మలలోనే ఉండవు. దీపావళికి గడపలో వరుసగా పెట్టు ప్లాస్టికు ప్రమిదలలో, శ్రావణ పున్నమనాడు చెల్లెలు కట్టెడి మిణుకుమిణుకు రాఖీలో, జాతరలో కొనిపెట్టు మెరుపుటుంగరములో, పుట్టినరోజు పాట పాడు కార్డులో, అడుగు వేసినప్పుడు వెలుగు చెప్పులలో ఈ సెల్లులే దాగియున్నవి. వీనిలో చాల వస్తువులు ఒక పండుగపూటకే ఉద్దేశింపబడినవి. రెండవనాటికి విరిగి, తెరచుకొని, సెల్లులు నేలమీద దొర్లుచుండును. ఏ బొమ్మకు విధించిన నియమమో అదే నియమమును, బొమ్మ అను పేరు లేకున్నను పిల్లల చేతికి చేరు ప్రతి వస్తువునకును విధింపవలెనని, విడిగా అమ్మెడి సెల్లునకును పిల్లలు చించలేని పొట్లము నిర్బంధింపవలెనని ప్రభుత్వమును కోరుట పౌరులుగా మన హక్కు.

అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. 2011 నాటి లీగల్ మెట్రాలజీ నిబంధనల ప్రకారము పొట్లము కట్టి అమ్మెడి వస్తువుపై తయారీదారు లేక దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరము, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయుటకు ఫోను సంఖ్య ముద్రింపబడి యుండవలెను. ఊరూ పేరూ లేని పదిసెల్లుల అట్ట ఈ నిబంధనను బహిరంగముగా ధిక్కరించుచున్నది. 2022 ఆగస్టు 22న వెలువడిన బ్యాటరీ వ్యర్థముల నిబంధనలు, 2001 నాటి పాత నిబంధనలవలె సీసపు బ్యాటరీలతో ఆగక, అన్ని రకముల బ్యాటరీలను తమ పరిధిలోనికి తెచ్చి, వాడిన వాటిని తిరిగి సేకరించు భారమును ఉత్పత్తిదారునిపై మోపినవి. ఉత్పత్తిదారుడెవరో తెలియని సెల్లును ఎవరు సేకరింతురు? అది చెత్తబండిలో పడి, డంపింగు యార్డు చేరి, అక్కడి నేలలో ఇంకవలసినదే.

ఇంటిలో చేయదగినవి కొలదివే. పొట్లమును వాడు సమయముననే చించవలెను. తీసిన పాత సెల్లునకు రెండు వైపులను టేపు అంటించి, మూత గట్టిగా గల సీసాలో వేసి, పిల్లలకందని ఎత్తున ఉంచి, పాత ఎలక్ట్రానిక్ సామగ్రిని తీసికొను కేంద్రమునకు ఇయ్యవలెను. మూతకు మరమేకు లేని రిమోటును, పసివారున్న ఇంటిలో, టేపుతో చుట్టి బిగింపవలెను. కొట్టువానిని దిగుమతిదారు పేరు చూపుమని అడుగవలెను. పదిమంది అడిగిన కొట్టులో పదకొండవవానికి పేరున్న సరుకే దొరకును. ఇక తనిఖీ అధికారులకు నా విన్నపమొకటి. రాఖీకిని దీపావళికిని నెల ముందుగా టోకు గిడ్డంగులకు పోయి ఈ అట్టలను పరీక్షింపుడు. జరిమానా వేయవలసి వచ్చినప్పుడు తోపుడుబండిపై నాలుగు ప్రమిదలు పెట్టుకొని అమ్ముకొనువాని జోలికి పోకుడు. అతడు తెచ్చినది ఎవరిచ్చిన సరుకో అతనినే అడిగి తెలిసికొని, పెట్టెలకు పెట్టెలు దింపుకొని చిరునామా లేని అట్టలలో ఊరూర పంచుచున్న వర్తకుని వద్దకు పొండు.